ఫైల్లో రాయని మాట

అన్నా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. నిన్ననే నీ కంప్యూటర్ మొదటిసారి ఆరిపోయింది. మన ఊరు ముడిమ్యాలలో పొద్దంతా కరెంటు లేదు, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది.

మొయినాబాద్‌లో నీ క్లాసువాళ్లంతా జావా నేర్చుకుని ఉద్యోగాలకు పరుగెడుతుంటే నువ్వు లిస్ప్ అనే పాత కంప్యూటర్ భాష పట్టుకుని కూర్చున్నావు. "నడిచే ప్రోగ్రామును బంద్ చెయ్యకుంటనే మార్చొచ్చు చెల్లె" అని మురిసిపోయేవాడివి. మన బోరు నీళ్ల వంతులు చెప్పే ప్రోగ్రాములో అట్లాగే, అది నడుస్తుండగానే, బాపు కోసం ఒక మాట చేర్చావు. చేర్చింది ఫైల్లో రాయడం మరిచావు.

సాయంత్రం కరెంటు వచ్చాక ఆన్ చేశాను. వంతులు వచ్చాయి, నీ మాట రాలేదు. నీ లిస్ప్ మిత్రుల గ్రూపుకు మెయిల్ పెట్టాను. "నడిచేదాంట్లో చేర్చి ఫైల్లో రాయకపోవడం మేమందరం చేసే తప్పే. కరెంటుతోపాటే పోయింది, ఇక దొరకదు" అని ఈ పొద్దున ఒకాయన జవాబు రాశాడు. నీ మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఒక్క నిమిషం పట్టేది కదా!

ఇంతలో బాపు వచ్చి రోజులాగే అడిగాడు. "మీ అన్న ఏమంటుండు బిడ్డా?"

ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చే ఆ మాటను రోజూ నేనే చదివి వినిపించేదాన్ని. ఇవాళ అది లేని తెర వైపు చూస్తూ చదివాను. "బాపూ, మోటరు బంద్ చేసి జర బువ్వ తిను."

బాపు గడప దాకా పోయి ఆగాడు.

"నీ మొఖం జూడంగనే ఎరుకైంది, వాని మాట పొయ్యిందని. రేపు గూడ సదువు బిడ్డా."