చల్లారిన పొర

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. నువ్వూ, నీ గదిలో ఉండే అమ్మాయీ వేళకి తిని, కంటినిండా నిద్రపోతున్నారనుకుంటాను.

నాన్న మోకాలి సంగతి అడిగావు. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆయనకి పనులన్నీ డాబా మీదే కనిపిస్తున్నాయి. నా మాట వింటేగా. నువ్వు గట్టిగా ఒక ముక్క రాయి.

ఇక నీ అసలు ప్రశ్న. మొదటిసారి ఒంటరిగా విమానం నడపాల్సిన వారంలోనే మీ ఇద్దరి విమానాలూ ఆపేశారనీ, రెక్కలను పట్టి ఉంచే బ్రాకెట్లు రాలేదన్నారనీ, "ఏ మహానుభావుడు అడ్డుపడ్డాడో కనుక్కో అమ్మా" అనీ రాశావు. కనుక్కోవాల్సిన పని లేదు. అడ్డుపడింది నేనే.

మా ఫ్యాక్టరీలో విమాన భాగాలు చేసే ప్రింటరు సంగతి నీకు తెలుసు. కార్బన్ పోగు కలిపిన ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొర పరుస్తుంది. కింది పొర వేడిగా ఉండగానే పైది పడాలి. చల్లారాక పడితే అంటుకున్నట్టే కనిపిస్తుంది, అంటుకోదు. మీ రెండు బ్రాకెట్లూ మిషన్‌లో ఒకే పళ్ళెం మీద తయారవుతుండగా కరెంటు పోయింది. వచ్చాక మిషన్ ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. పరీక్షలో రెండూ పాసయ్యాయి.

పెట్టెల మీద విమానాల నెంబర్లు రాస్తుంటే నీది కనబడింది. ఇక నాకు చెయ్యి ఆడలేదు. దీన్ని కోసి చూడాలన్నాను.

"పాసైన దాన్ని కోయడమేంటమ్మా? మళ్ళీ చేయాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలుసుగా" అన్నాడు సూపర్‌వైజరు.

"అనుమానం వస్తే కోయించే హక్కు మిషన్ నడిపేవాళ్ళకి ఉంది కదండీ."

కోశారు. లోపల ఎక్కడా వంక లేదు. నీ బ్రాకెట్ నిక్షేపంలా ఉంది.

ఇంతవరకూ రాయడం తేలికే. రెండో పెట్టెను ఆ సాయంత్రమే నా చేత్తోనే బండెక్కించాను. అదే పళ్ళెం, అదే కరెంటు కోత. దాని మీదున్న నెంబరు నీది కాదు, అంతే.

మర్నాడు బస్సులో నీ పాత ఉత్తరం తీశాను. మీ ఇద్దరి విమానాలవీ వరుస నెంబర్లని సంబరంగా రాశావు. అడుగున ఆ అమ్మాయి చేతిరాత: "ఆంటీ, మీ అమ్మాయి గురకకి మా కిటికీ తలుపులు ఊగుతున్నాయి." అది చదివినప్పుడల్లా నవ్వుకునేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు; నేను బండెక్కించిన పెట్టె మీదున్నది నీ పక్క నెంబరే. బస్సు దిగుతూనే ఫోన్ చేసి పెట్టె వెనక్కి రప్పించాను.

దాన్నీ కోశారు. అది పళ్ళెంలో మిషన్ తలుపు వైపు ఉండి ముందే చల్లారినట్టుంది. చేత్తో వంచగానే మధ్య పొర ఊడి వచ్చింది.

అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేను తలెత్తలేకపోతున్నాను, బుజ్జీ. కొత్తవి రెండూ దగ్గరుండి చేశాను, ఈ వారం మీకు అందుతాయి. ఈ ఉత్తరం ఆ అమ్మాయికి చూపించు. ఆంటీ అని పిలవడం మానేసినా నేనేమీ అనుకోను.

ఇట్లు,
మొదట నిన్నొక్కదాన్నే ఆపిన
అమ్మ