సుజాత పేరు కొట్టేసిన నవల

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. బావగారు పంపిన నీ పెట్టెను ఇవాళే తెరిచాను. చీరలు వరసగా తీసి, ఏది ఎవరికివ్వాలో కాగితం మీద రాసుకుంటుంటే అడుగున ఆ నవల కనిపించింది. చింతపల్లిలో నాన్న కొట్టుకి పొట్లాల కోసం తెచ్చిన చిత్తుకాగితాల్లోంచి నువ్వు దాచిన నవల.

మా అమ్మాయి తెరిచి చూసి నవ్వింది. "ఏటమ్మా, నవల్లో నీ పేరుంది?"

నా పేరుతో నవలల్లో వంటమనిషి కూడా ఉండదని చిన్నప్పుడు నేను ఏడ్చాను. "ఊరుకోయే గుంటా. అప్పలనర్సమ్మ కథ ఎవుడూ రాయకపోతే నేనే రాసీస్తాను" అన్నావు. పేజీ పేజీలోనూ కథానాయిక సుజాత పేరు కొట్టేసి, పెన్సిలుతో నా పేరు రాశావు. చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని చదివి వినిపించావు. సుజాత ఎక్కిన రైళ్లు, ఆమెకొచ్చిన ఉత్తరాలు చాలాకాలం నావే అనుకున్నాను. చివరికి ఏమైందని అడిగితే మాత్రం, "పెళ్లయిపోద్ది. బేగి పడుకో" అన్నావు.

ఆ చివరి పేజీలు ఇవాళ నేనే చదివాను. పెళ్లి లేదు. ఆ అమ్మాయి జబ్బుచేసి చనిపోతుంది. ఆ పేజీలో నువ్వు నా పేరు రాయలేదు. నీ పేరు రాసుకున్నావు.

రబ్బరు తెచ్చి నీ పేరు చెరిపి, సుజాత అని రాశాను. బాగా అదిమి రాసినట్టున్నావు. ఇంకా కనిపిస్తూనే ఉంది.

నీ చెల్లెలు