మూడు వేల రెండొందల అక్షరాలు

ఆదివారం, ఆగస్టు 11

చిరంజీవి పిచ్చుకకు అక్క దీవెనలు. అలవాటుగా ‘సౌభాగ్యవతి’ అని రాయబోయాను. మీ ఆయన పోయి ఆరు నెలలైందని గుర్తొచ్చి కలం ఆగిపోయింది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ల్యాబులో కరెంటు పోయి, శాంపిళ్ళ ఫ్రీజరుకి రెండు రోజులు కాపలా కాశాను. నిన్న నీ కూతురు ఫోన్ చేసింది. పెద్దమ్మా, నాన్న చెడ్డవాడా అని అడిగింది. ఎవరన్నారే అంటే, గోడ మీది నాన్న ఫొటో అమ్మ తీసేసింది కదా అంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే సగంలో పెట్టేస్తావు.

మీ ఆయన కామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేరినప్పుడు, అది హెపటైటిస్ బి అని డాక్టరు చెప్పగానే అందరిదీ ఒకటే మాట. లారీ డ్రైవరు అన్నాక తీర్పు చెప్పడానికి ఎంతసేపు? దారిలో ఎక్కడో అంటించుకొచ్చాడన్నారు. నీ రక్తంలోనూ అదే కనపడేసరికి, నాకూ తగిలించాడు అన్నావు. నేనూ అలాగే అనుకున్నాను.

మా ల్యాబులో ఆ వైరస్ జన్యువుని అక్షరం అక్షరం చదువుతాం. మొత్తం మూడు వేల రెండొందల చిల్లర. ప్రాంతాన్ని బట్టి కొన్ని అక్షరాలు మారతాయి, మనుషుల యాసలాగే. ఆయనలో దొరికింది అమ్మ పుట్టిన కొండలవైపు తప్ప ఎక్కడా కనపడని రకం. ఆ దారిన ఆయన లారీ ఏనాడూ పోలేదు. అమ్మ కాలేయం చెడి చనిపోయినప్పుడు మా ల్యాబులో దాచిన రక్తం తీసి చదివాను. అదే. పోలికకి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే ధీమాగా నాదిచ్చాను. నాలోనూ అదే.

పిచ్చుకా, అది మనిద్దరికీ పుట్టుకతోనే అమ్మ నుంచి వచ్చింది. పాపం, ఆవిడకీ తెలియదు. నీ నుంచే ఆయనకి వెళ్ళింది. మనం మోసుకు తిరిగాం, ఆయన తట్టుకోలేకపోయాడు. ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. పాపకి పరీక్ష చేయించు. నువ్వు మందులు మానకు. దానికి వాళ్ళ నాన్న గురించి నువ్వే చెప్పు, నేను చెప్తే బాగుండదు.

నీ అక్క

మరో మాట: ఈ ఫలితం ఇప్పుడొచ్చింది కాదు. ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందే వచ్చింది. వార్డులోకి వెళ్ళి ముందు ఆయనకే చెప్పాను. నువ్వు బయట బెంచీ మీద అటు తిరిగి కూర్చున్నావు, లోపలికి రానన్నావు. నిన్ను పిలుస్తానని లేచాను. నా చెయ్యి పట్టుకుని, వద్దు వదినా, నా మీద కోపంతోనైనా మీ చెల్లెలు బతుకుతుంది, తనవల్లేనని తెలిస్తే బతకదు అన్నాడు. తర్వాత, ఏమైనా తిన్నదా అని అడిగాడు. తిన్నదన్నాను. అప్పటికి రెండు రోజులుగా నువ్వు మంచినీళ్ళు తప్ప ముట్టలేదు.