ఆరూ నలభై బండి

తేదీ 24, ఉదయం 5.30
ఈ రోజు నుంచి నేను ప్రయాణికుణ్ణి. రైల్వే స్టేషను విచారణ కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుని లక్షలమందికి దారి చెప్పిన నేను, సముద్రం ఒడ్డున ఉన్న అక్కయ్య ఇంటికి పదకొండేళ్ళుగా వెళ్ళలేదు. నిన్న ఫోనులో ఆమె అన్న మాటలు యథాతథంగా: “నీ కోసమని మేడ మీద గది కట్టించి మూడేళ్ళయిందిరా. ఈ నెలాఖరుకి రాకపోతే అద్దెకిచ్చేస్తా. తర్వాత ఎప్పుడొచ్చినా చుట్టంలా హాల్లో పడుకోవాల్సిందే.”
రాత్రి కళాశాలలో భూగోళశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ప్రయాణానికి కావలసినవి మూడు: సౌకర్యం, పరిజ్ఞానం, సంకల్పం. ఉచిత కుటుంబ పాసు ఉన్నది. టైంటేబులు కంఠస్థం. సంకల్పం ఇప్పుడే చేశాను. రేపే, 6.40 బండి.

తేదీ 25
వాయిదా. సామగ్రి అసంపూర్ణం. సంచిలో చేరినవి: పటం, దిక్సూచి, టార్చిలైటు, ఈల.
శ్రీమతి: “మీ అక్కయ్యని చూడ్డానికా, సముద్రాన్ని కనిపెట్టడానికా?”
ఈల ఊది పరీక్షించాను.

తేదీ 27
6.40 బండి రోజూ పన్నెండు నిమిషాలు ఆలస్యమవుతున్నది. ఇంకొక రోజు పరిశీలించనిదే నిర్ధారణకు రాలేము.
శ్రీమతి: “ఎక్కి కూర్చుని పరిశీలించండి.”

తేదీ 29
మబ్బు పట్టినది. అక్కయ్య ఫోను: “ఒక టీచరమ్మ గది చూసి వెళ్ళింది. కిటికీ తెగ నచ్చిందిట.”
ఆ కిటికీ ఎటువైపో కూడా నాకు తెలియదు. రేపు తప్పదు.

తేదీ 30, ఉదయం 6.15, ప్లాట్‌ఫారం
శ్రీమతీ నేనూ వచ్చాము. ఇస్త్రీ చేసిన యూనిఫారం కోటు ధరించాను.
“సెలవు పెట్టి మరీ ఆ కోటేంటండీ?”
“పాసు ఉన్నవాడు పాసు ఉన్నవాడిలా కనబడాలి.”

అదే రోజు, 7.05
విచారణ కిటికీ లోపలినుంచి వ్రాస్తున్నాను. 6.31కి కోటు చూసి ఒక పెద్దాయన దారి అడిగారు. 6.33కి నా చుట్టూ పదిమంది. కొత్త గుమాస్తా మూడో ప్లాట్‌ఫారం బండి ఎక్కాల్సినవాళ్ళను అయిదో ప్లాట్‌ఫారానికి పంపుతుంటే చూస్తూ ఊరుకోలేక లోపలికి వెళ్ళాను. 6.40 బండి సరిగ్గా 6.40కే బయలుదేరుతున్నట్లు మైకులో నేనే ప్రకటించాను. ఉచ్చారణ నిర్దుష్టంగా వచ్చినది. అది నా బండి అన్న సంగతి ఆ తర్వాతే తట్టినది.
శ్రీమతి బండిలో ఉన్నది. పాసు, సంచులు ఆమెతోనే వెళ్ళాయి.

అదే రోజు, 11.00
శ్రీమతి ఫోను: “చేరానండీ. కిటికీలోంచి సముద్రమే. మైకులో మీ గొంతు విన్నాను, బాగా చెప్పారు.”
అక్కయ్య ఫోను లాక్కున్నది: “నా మరదలే నయం. టీచరమ్మ రేపు మధ్యాహ్నం తాళంచెవికి వస్తోంది. వింటున్నావా?”

తేదీ 31, ఉదయం 6.10
ఈ రోజు నుంచి నేను ప్రయాణికుణ్ణి. కోటు బీరువాలో ఉన్నది. పాసు లేదు, దిక్సూచి లేదు. జీవితంలో మొదటిసారి టికెట్టు వరుసలో నిలబడ్డాను. ముందు ఆరుగురు.
వెనకాల ఉన్న ఆవిడ అడిగారు: “బాబూ, ఆరూ నలభై బండి ఏ ప్లాట్‌ఫారమో తెలుసా?”
అంకె నాలుక చివరిదాకా వచ్చినది. మింగాను.
“నేనూ దానికేనమ్మా. నా వెంట రండి.”