ఖాళీ గోడౌన్‌లో సిగ్నల్

చిరంజీవి బావమరిదికి బావ ఆశీస్సులు.

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, గోడౌనే బాగాలేదు. వైర్‌లెస్ ప్లాను వేయడానికి హెడ్డాఫీసు నిన్నే పంపుతోందని తెలిసి, నీ ముందు పరువు పోకూడదని రంగు డబ్బాలన్నీ బయటికి తీయించి, నేల కడిగించి పెట్టాను. నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచి, "సిగ్నల్ అద్భుతం బావగారూ" అని సర్వే కాగితం మీద సంతకం పెట్టి, మీ అక్క పెట్టిన భోజనం చేసి వెళ్లావు.

ఇప్పుడు డబ్బాలు మళ్లీ లోపలికి చేరాయి. అన్నీ ఇనుపవే, కప్పు దాకా ఉన్నాయి. బార్‌కోడ్ గన్ను మొదటి వరుస దాటితే పలకడం లేదు. లోపల నుంచి లేబుల్ కోసం నొక్కితే గుమ్మం దగ్గరి ప్రింటర్‌కు కబురే అందదు. ప్రతి డబ్బానూ గుమ్మం దాకా మోసి, స్కాన్ చేసి, మళ్లీ మోసుకెళ్తున్నాం. సర్వే ఖాళీ గోడౌన్‌లో జరిగిందని పైవాళ్లకు ఒక్క ముక్క రాయి.

ఇట్లు
మీ బావ

తా.క.: గోడౌన్ ఎప్పుడూ అంత అందంగా లేదు. అదే కొంప ముంచింది.


బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఖాళీ గోడౌన్‌లో సర్వే చేశానని నేనే రాసిస్తే నా ప్రమోషన్ సంగతేంటి? యాంటెన్నాలు ప్లాను ప్రకారమే ఉన్నాయి. లోపమంతా మీరు సరుకు పేర్చడంలో ఉంది. వీలైతే సరుకు తగ్గించండి.

మీ బావమరిది

తా.క.: గన్ను కాస్త ఎత్తి పట్టుకుని చూడండి.


బావమరిదికి,

గోడౌన్‌లో సరుకు ఉండటమే తప్పన్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. గన్ను ఎత్తి పట్టుకున్నాం. నిచ్చెనెక్కి కూడా పట్టుకున్నాం. అంతవరకూ అందక ఆగిన కబుర్లన్నీ ఒక్కసారే అందాయి కాబోలు, ప్రింటర్ ఒకే లేబుల్‌ని కక్కుతూ పోయింది. ఆపేలోపు లేబుళ్ల చుట్టంతా అయిపోయింది.

నవ్వులాట పక్కన పెట్టు. నాకు నోటీసు వచ్చింది. స్కాన్ కాని పని పనే కాదట. వాళ్ల కంప్యూటర్‌లో మా సరుకు సరిగా కదలడం లేదు గనక నేను పని ఎగ్గొడుతున్నానట. నీ ఒక్క మాటతో నా ఉద్యోగం నిలబడుతుంది. నాకు భయంగా ఉంది. మీ అక్కకు ఇంకా చెప్పలేదు.

మీ బావ

తా.క.: లేబుళ్లు కావాలంటే చెప్పు, పంపుతాను. అన్నీ ఒకే తెల్లరంగు డబ్బావి.


గోడౌన్ ఇన్‌చార్జి గారికి,

ఇది ఆఫీసు ఉత్తరం గనక బావగారూ అనడం లేదు, ఏమీ అనుకోకండి. పైవాళ్లు నన్ను పిలిచి అడిగారు. సిగ్నల్ అంతటా ఉందని నా సర్వే చెబుతోంది గనక అదే చెప్పాను. గన్ను పట్టుకున్న మనిషికే కొత్త పద్ధతి ఒంటబట్టలేదన్నాను. ఇకపై మీరు ఇంటి పట్టున ఉండవచ్చని వారు నిర్ణయించారు. నాకూ బాధగానే ఉంది.

ఇట్లు
ప్లానింగ్ విభాగం

తా.క.: నాకు ప్రమోషన్ వచ్చింది. అక్కకు మీరే చెప్పండి, సంతోషిస్తుంది.


పూజ్యులైన బావగారి పాదాలకు నమస్కరించి రాస్తున్నాను.

నా ఉత్తరాలు వేటికీ జవాబు లేదు. అయినా మళ్లీ రాస్తున్నాను. తప్పు మనిషిదే అయితే నువ్వే వెళ్లి నడిపి చూపించు అని నన్ను మీ కుర్చీలోకి పంపారు. ప్రమోషన్ అంటే ఇదేనని ఇక్కడికొచ్చాక తెలిసింది. డబ్బాలు మోసి మోసి భుజాలు పడిపోయాయి. సిగ్నల్ రావడం లేదని పైకి రాస్తే, నా సంతకమున్న కాగితమే తిప్పి పంపారు. దాని వెనకే నాకూ నోటీసు వచ్చింది. ఆ రోజు గోడౌన్ ఖాళీగా ఉందని చెప్పగలిగింది మీరే. మీరు చెబితే నమ్ముతారు.

మీ
బావమరిది

తా.క.: నోటితోనే అడుగుదామని నిన్న మీ ఇంటికి వచ్చాను. అక్క తలుపు తీసి, "ఎవరు కావాలండీ" అంది.