వియ్యపురాలి మాటకు దెబ్బ

మార్చి 3, మంగళవారం
పక్షవాతం వచ్చి వియ్యపురాలికి మాట పడిపోయింది. ఆవిడ హాలెండులో, ఆసుపత్రిలో. ఇక్కడ సింగపూరులో, మా పుంగ్గోల్ ఫ్లాట్‌లో కోడలు అన్నెకె రోజూ సాయంత్రం ఫోన్‌లో వీడియో పెట్టుకుని తల్లికి మాటలు నేర్పుతోంది. వాళ్ల భాషలో ఒక్కో మాట చాంతాడంత. ముక్కలు చేసి చెబుతుంది. ఆవిడ పెదవులు కదులుతాయి… గాలే.
నేను వంటగది గుమ్మంలోనే. వియ్యపురాలి ఎదుట కూర్చోవడం ఏం బాగుంటుంది.

మార్చి 5
ఇవాళ్టి మాట బంగాళాదుంప సూపు. ఆర్డ్–అప్–పెల్–సూప్. వింటూ వింటూ నా చెయ్యి తలుపుమీద పడింది. ఊళ్లో చెక్కభజన అలవాటు — ప్రతి ముక్కకీ ఒకటే దెబ్బ.
ఫోన్‌లోంచి — "ఆర్డ్… అప్… పెల్… సూప్!"
ఆవిడే. నా చేతిలో గ్లాసు జారిపోయింది. అన్నెకె నోరు తెరుచుకుని చూస్తోంది. తల్లిని కాదు, నన్ను.

మార్చి 6
మా అబ్బాయి శీను ఒకటే నవ్వు — "నాన్నా, నువ్వు డాక్టర్ అయిపోయావ్ లాహ్!" తన పెళ్లాం నవ్వలేదని వాడు చూడలేదు.

మార్చి 8, ఆదివారం
అన్నెకె కుర్చీ వేసి కూర్చోబెట్టింది. సిగ్గు. "మావయ్యా, అన్నీ సేమ్ కాదు. ఫస్ట్ స్ట్రాంగ్. తర్వాత స్మాల్, స్మాల్." నా చెయ్యి వినదే… మన భజనలో దెబ్బలన్నీ సమానం కదా. నారింజ రసానికి ఐదు ముక్కలట. సీ–నాస్–అప్–పెల్–సప్. మొదటిది అరచేత్తో, మిగతావి వేలికొసతో. ఆవిడ మొత్తం అనేసింది! నావైపు చెయ్యి ఊపింది. తల దించుకున్నాను.

మార్చి 10
అన్నెకె తన గుండెమీద చెయ్యి వేసుకుని తల్లిని అడిగింది, "నేనెవర్ని?" అని. అంతంత మాటలు వస్తున్నాయి… కన్నకూతురి పేరు రాదు. నేను బల్లమీద కొట్టబోయాను. కోడలు నా మణికట్టు పట్టుకుంది. కోడలు నన్ను తాకడం ఇదే మొదలు.
"వద్దు మావయ్యా. నా పేరు అమ్మకి దెబ్బ లేకుండానే రావాలి."

మార్చి 11
రాలేదు.

మార్చి 12
మళ్లీ అడిగింది. "అ…" అంది ఆవిడ. ఆగింది. కళ్లు నా చేతిమీద. అన్నెకె కూడా నా చేతినే చూస్తోంది — వద్దనలేదు, సరేననలేదు. ఎత్తిన నా చెయ్యి ఎత్తినట్టే ఉంది. అక్కడి నర్సు వచ్చింది, టైమైందని ఫోన్ తీసేసింది.
అన్నెకె తన ఫోన్ బోర్లా పెట్టింది. తర్వాత, చిన్నగా —
"ఎందుకు కొట్టలేదు, మావయ్యా?"
తనే కదా వద్దంది.