వాఘ్యా తిన్నదా?

29 నవంబర్ 1959, ఆదివారం

షష్ఠికి ఇంకో వారం. ఖండోబా పండుగనాడు దేవుడి నైవేద్యం మొదట కుక్కకు పెట్టాలి, అది తిన్నాకే మనుషులు ముట్టాలి. మా అత్తమ్మ గంగుబాయి పట్టిన పట్టు ఇది. సజ్జరొట్టె, కాల్చిన వంకాయతో భరీత్, దాని నిండా ఉల్లిగడ్డ, ఎల్లిపాయ. పోయినేడు అది తిని మా కుక్క వాఘ్యా ఎర్రగా ఉచ్చ పోసింది. రెండు రోజులు లేవలేదు. కుక్కకు ఉల్లి విషమని పశువుల డాక్టరు నన్ను చెడామడా తిట్టాడు.

ఈసారి దాని వంట నాది. ఉల్లి లేదు, ఎల్లి లేదు, ఉప్పు కూడా లేదు. ఉల్లిగడ్డ లేని భరీత్ ఏం భరీతే, దేవుడు నవ్వడా అని అత్తమ్మ మూతి ముడిచింది. ముడవనీ! దేవుడికి కడుపునొప్పి రాదు, వాఘ్యాకు వస్తుంది.

30 నవంబర్

ఫస్ట్ ఎక్స్‌పెరిమెంట్. సజ్జరొట్టె నలిపి, వంకాయ గుజ్జు, చెంచాడు నెయ్యి, చిటికెడు పసుపు కలిపి ముద్ద చేశాను. లొట్టలేసుకుంటూ తిన్నది. ఫస్ట్ క్లాస్!

సాయంత్రం రాజం వచ్చాడు. వీధికుక్కలకు మందు పెట్టి చంపే రాజం. కుక్కలకు అతని పొడ గిట్టదు కాబట్టి దర్వాజ బయటే నిలబడతాడు. వాఘ్యా తిన్నదా అమ్మా అని అడిగాడు. ఇతనికెందుకు? ఆరగించిండు అని అత్తమ్మ లోపలినుంచే కేకేసింది. పండుగ వారమంతా దేవుడి కుక్క తినలేదన్న మాట మా ఇంట్లో నోట రాకూడదు. తిన్నా తినకపోయినా ఆరగించిండనే చెప్పాలి.

1 డిసెంబర్

మళ్ళీ వచ్చాడు. గా ముద్దలల్ల ఏమేం కలుపుతున్రమ్మా అన్నాడు. తెలిస్తే అచ్చం అలాంటిదే చేసి మందు కలపడా? ఏదో ఒకటిలే అని తలుపేసుకున్నాను. మొన్న శుక్రవారం వాఘ్యా పలుపు తెంపుకొని పూటంతా ఎక్కడో తిరిగొచ్చింది. ఇక పెరట్లోంచి కదలనివ్వను.

3 డిసెంబర్

సగం వదిలేసింది. రుచి లేదేమో అని పల్లిపొడి కలిపాను. మూతి తిప్పుకుంది. జర ఉల్లిగడ్డ వెయ్ బిడ్డా, ఎట్ల తింటదో చూడు అని అత్తమ్మ ఒకటే సతాయింపు. వేయనుగాక వేయను.

రాజం వచ్చి తిన్నదా అన్నాడు. అత్తమ్మ ఆరగించిండు అన్నది. అతను లోపలికి దండం పెట్టి నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

4 డిసెంబర్

ముట్టనే లేదు. దర్వాజ దగ్గర అత్తమ్మ గొంతు, ఆరగించిండు.

5 డిసెంబర్, పొద్దున

పాల మీగడ పూసి పెట్టాను. వద్దంది. దసరాకు ముందు నక్క కరిచిన చెవిని గోక్కుంటూనే ఉంది. ఆ గాయం ఎప్పుడో మానింది కదా! నిన్న రాజం వస్తే మొరగనైనా లేదు. ఎప్పుడూ అతని వాసనకే ఇల్లు పీకి పందిరేసేది.

5 డిసెంబర్, దీపాలు పెట్టే వేళ

పక్కింటి చంద్రవ్వ ఇప్పుడే చెప్పి పోయింది. వాఘ్యా పలుపు తెంపుకున్న శుక్రవారమే రాజం బిడ్డను నల్లకుక్క కరిచిందట. మీ వాఘ్యా లెక్కనే ఉండెనట అన్నది. దవాఖానలో పొట్టమీద ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పిల్ల సూది చూస్తేనే గుక్కపట్టి ఏడుస్తోందట. కరిచిన కుక్క పదిరోజులు మంచిగా తిని తిరిగితే దానికి పిచ్చి లేనట్టే, సూదులు అక్కర్లేదన్నాడట డాక్టరు. దేవుని కుక్క మీద నింద ఎట్లేస్తమని రాజం మాకు చెప్పలేదు. రోజూ వచ్చి, తిన్నదా అని మాత్రం అడిగాడు. కుక్క మంచిగున్నది, తింటున్నది అని దవాఖానలో చెప్పి, పదిరోజులు నిండకముందే, మొన్ననే సూదులు బంద్ చేయించాడట.

ఇంతకాలం నేనేం అనుకున్నాను అతని గురించి!

ఇప్పుడే వెళ్ళి చెప్పాలి. చెబితే వాఘ్యాకు రాజం చేతి ముద్దే గతి. అత్తమ్మ దర్వాజకు అడ్డం నిలబడింది. పండుగ ముంగట గా మాట అనకు బిడ్డా, రేపు తప్పకుండ తింటడు అని ఏడుస్తోంది. తింటే చాలు. ఒక్క ముద్ద తింటే మేం చెప్పిన అబద్ధమంతా నిజమైపోతుంది. పిరికిదాన్ని, దర్వాజ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాను. వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డ కోశాను.

6 డిసెంబర్, షష్ఠి

ఉల్లిగడ్డ వేసినా ముట్టలేదు. నీళ్ళ గిన్నెలో మూతి పెట్టింది, మింగలేక చొంగ కార్చింది.

దర్వాజ బయట రాజం. భుజం మీద బిడ్డ, ప్రసాదానికి చెయ్యి చాచింది. తిన్నదా అమ్మా అని అడిగాడు. అత్తమ్మ నోరు తెరిచింది. ఆమెకంటే ముందు నేనే అన్నాను.

తినలే.